కోమల మీద ఆధారపడిన బుచ్చవ్వ

కరీంనగర్,
13 అక్టోబరు 2025

ప్రియమైన తాతకు,

కోమల కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అవ్వ, అదే నీ కోడలు, నవ్వుతుంది. నవ్వనీ. మొన్న ఫోనులో నేను గది దొరకలేదని గొంతు చించుకుంటే నువ్వు నింపాదిగా "తిన్న బిడ్డా, పప్పుచారు" అన్నావు. స్పీకరులో పెట్టడం వల్ల ఇక్కడి అమ్మాయిలందరికీ మన ఇంటి వంట తెలిసింది కానీ నీకు మాత్రం నా సంగతి తెలియలేదు. ఏళ్ల తరబడి బొగ్గుబాయిలో యంత్రాల మోత విన్న చెవులు, వాటినేమీ అనను. కళ్లు బాగున్నాయి కదా, వాటికే చెప్పుకుంటాను.

పైగా ఎం.ఏ. తెలుగులో చేరాక నాకు రాయడం ఒక పిచ్చిలా పట్టుకుంది. మొన్న క్లాసులో సారు "బస" అన్న మాట చెప్పారు. ఒక్క రాత్రి ఉన్నా సరే, అది బసే. ఎంత చిన్న మాట, ఎంత చక్కని మాట! దారంతా దాన్ని చప్పరించుకుంటూ వచ్చాను, బాసరలో నువ్వు అక్షరాభ్యాసం చేయించిన రోజు బలపం తిన్నట్టు. చిక్కేమిటంటే నా దగ్గర ఇప్పుడు మాట ఉంది, బస లేదు.

హాస్టల్ సీట్లు నా దాకా రాలేదు. ప్రస్తుతం నా స్నేహితురాలు బాలలక్ష్మి గదిలో, రెండు మంచాల మధ్య నేల మీద పడుకుంటున్నాను. మూడో మంచం అమ్మాయి డిసెంబరులో వస్తుంది. అప్పుడు నేల కూడా ఉండదు. ఆలోగా భద్రమైన గది, మనకు అందే కిరాయిలో దొరికితేనే చదువు. లేదంటే ఇంటికొచ్చి మంచిర్యాలలో కంప్యూటర్ కోర్సు చేయమని బాపు తేల్చి చెప్పాడు. బాపు ఎవరి మాటా వినడు, కన్నతండ్రివి నీ మాట తప్ప. అందుకే నా గోడు నీకు.

చూసిన గదుల గురించి చెబుతాను. రాంనగర్‌లో ఒకటి, మెట్ల కింద మిగిలిన మూలకు తలుపు పెట్టి గది అన్నారు. వంగి నమస్కారం పెడుతూ లోపలికి పోవాలి, అదే నమస్కారంతో బయటికి రావాలి. కోతిరాంపూర్‌లో ఇంకొకటి, బ్యాండు మేళం వాళ్ల దుకాణం మీద. కిరాయి తక్కువే. కానీ కింద సాధన చేస్తుంటారు. నేనున్న కాసేపట్లోనే ఒక పెళ్లి జరిగి అప్పగింతలు కూడా అయిపోయాయి. మూడో ఇంటామె ఫ్యాను రెండు మీదే పెట్టాలని, తలస్నానం ఆదివారమే చేయాలని చెప్పి, నా టిఫిన్ డబ్బా వాసన చూసి తలుపు వేసుకుంది.

ఇక నాలుగోది. తాతా, అది నా గది! మేడ మీద ఒక్కటే గది, రెండు కిటికీలు, ఎప్పుడూ నీళ్లు, కాలేజీ బస్సు ఆగే చోటు కిటికీలోంచి కనబడుతుంది. ఇంటామె పేరు శంకరవ్వ. పగలంతా గేటు లోపల కుర్చీ వేసుకుని వీధిని కాపలా కాస్తుంది. ఆమె కునుకు తీసేటప్పుడు గేటు మీది కెమెరా కాస్తుంది. దాన్ని మస్కట్‌లో ఉన్న కొడుకు సదానందం తన ఫోనులో చూస్తుంటాడట. నేను గేటు ముందు నిలబడగానే కెమెరాలోంచి మాట వినబడింది.

"అవ్వా, గా నీలం చున్నీ పిల్ల ఎవలు? సంచిల ఏమున్నది?"

సంచి విప్పి కెమెరాకు చూపించాను. ఇంతకంటే భద్రత ఎక్కడుంటుంది?

కానీ శంకరవ్వ అడిగింది: "ఎంతమంది ఉంటరు?"

"నేనొక్కదాన్నే అవ్వా."

"ఒక్కదానికి ఇయ్య బిడ్డా. ఫ్యామిలీ గావాలె."

"చదువుకునేదాన్ని. చప్పుడు కూడా చేయను."

"గదే నా పరేషాన్. చప్పుడు జేయనోళ్లు లోపట ఏం జేస్తున్నరో నాకెట్ల తెల్వాలె? ఫ్యామిలీ అనుకో, కొట్లాడుకుంటరు, కిందికి ఇనబడుతది, మంచిగ తెలుస్తది."

దీనికి జవాబు నా ఎం.ఏ. సిలబస్‌లో లేదు. నీకేమైనా తోస్తే రాయి.

బస వెతుక్కుంటున్న నీ మనుమరాలు,
కోమల


నస్పూర్ కాలనీ,
18-10-2025

విషయము: కుమారి కోమలకు ఇల్లు అలాట్‌మెంటు గురించి.
సూచిక: తమరి ఉత్తరము, తేది 13-10-2025.

బిడ్డా కోమలా,

పై సూచికలోని ఉత్తరం అందినది. నేను సదువుకొని, మీ బాపుకు గూడ సదివి ఇనిపిచ్చిన. మీ బాపు మీసం గోక్కున్నడు. బలపం ముచ్చట యాది జేసినవు గని, ఆనాడు ఇంకో బలపం కోసం గుడి ముందట దుకాన్లన్ని ఆగమాగం తిరిగింది నేను. గా ముచ్చట రాయలే నువ్వు.

ఇగ అసలు సంగతి. ఇల్లు కోసం ఇంటింటికి తిరుగుడేంది బిడ్డా? దరఖాస్తు పెట్టినవా? సీనియారిటీల నీ నంబరు ఎంత? నేను బాయిల చేరినంక దరఖాస్తు పెట్టుకున్న, నా వంతు వచ్చింది, తాళంచెయ్యి చేతుల పెట్టిండ్రు. ఎవ్వలకు టిఫిన్ డబ్బా వాసన సూపియ్యలే. కిరాయి అనేది జీతంల కట్ అయితది, మనిషి చేతికి ఇచ్చుడు నేను ఎన్నడు సూడలే.

శంకరవ్వ రూలు రైటే. కంపెనీల గూడ గదే రూలు. ఫ్యామిలీ ఉంటే క్వార్టరు, ఒంటిగోళ్లకు బ్యారకు. రూలు మీద నిలవడ్డ మనిషిని సూస్తే నాకు ఇజ్జత్. గని రూలు ఉన్నకాడ దరఖాస్తు గూడ ఉంటది. అందుకే ఆమెకు ఒక దరఖాస్తు రాసి దీంతోని పంపుతున్న. రెండేండ్లకోసారి సున్నం, ఉచిత కరెంటు, పొయ్యికి బొగ్గు, దీపావళికి బోనసు అన్ని అడిగిన. అడిగితే సగమన్న వస్తయి. చేతికిచ్చి, అందినట్టు సంతకం తీస్కో. సంతకం లేకుంటే ఇయ్యనట్టే లెక్క.

ఇంకొకటి, ఇది మాత్రం మరువకు. ఏ గదికి పోయినా ముందుగాల కట్టె తీస్కొని పైకప్పును కొట్టు. టంగుమంటే గట్టిది. బొదబొదమంటే బోలు, దాని కింద నిలవడకు. రెండో అరచెయ్యి కప్పుకు ఆనిచ్చి కొడితే అదురు గూడ తెలుస్తది. నా చెవులు మందగించినంక నేను చేతితోనే ఇనేటోన్ని. కొట్టకుంట ఏ కప్పు కింద పండుకోకు. మీ బాపు గూడ గదే అడుగుతుండు.

ఇట్లు,
అంకయ్య
మాజీ పిట్ కార్యదర్శి, బాయి యూనియన్ (నీ తాత)


కరీంనగర్,
25 అక్టోబరు 2025

గౌరవనీయులైన మాజీ పిట్ కార్యదర్శి తాతకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. అందుకే ఈ ఉత్తరం రాయడానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది.

మంకమ్మతోటలో ఒక లేడీస్ హాస్టల్లో పడక ఖాళీగా ఉందంటే వెళ్లాను. గది శుభ్రంగా ఉంది. పైన తెల్లగా, పలకలు పరిచినట్టు, ముచ్చటైన కప్పు. వార్డెన్ మేడం నిబంధనలు చెబుతోంది: గదిలో వంట నిషేధం, పొయ్యి నిషేధం, కెటిల్ కూడా నిషేధం. ఆమె అటు తిరగగానే నేను గొడుగు తీసి కప్పును కొట్టాను. తాతా, అది టంగుమనలేదు. బొదబొదమనలేదు. పుసుక్కుమంది.

పలక ఊడి ముందు ఒక కెటిల్ పడింది. దాని వెంట కరెంటు పొయ్యి, మ్యాగీ పాకెట్లు, నెయ్యి డబ్బా పడ్డాయి. అంతా అయిపోయిందనుకున్నాక, అందరికంటే నింపాదిగా ఒక ఉల్లిగడ్డ దిగి దొర్లుకుంటూ పోయి వార్డెన్ చెప్పు దగ్గర ఆగింది.

మంచాల మీది నలుగురమ్మాయిలు నన్ను చూసిన చూపుకు "చుర్రుమను" అనే మాట పుట్టి ఉంటుంది. వార్డెన్ మాత్రం నన్ను కావలించుకున్నంత పని చేసింది. "నువ్వే గావాలె నాకు! ఫీజు సగమే ఇయ్యి. వారానికోసారి గొడుగు పట్టుకొని అన్ని గదులు ఒక రౌండు కొట్టు, చాలు."

సగం ఫీజు, భద్రమైన హాస్టల్. కానీ ఆ నలుగురి మధ్య నిద్రపోవడం భద్రమా? ఉల్లిగడ్డ తీసి వాళ్ల చేతికిచ్చి, దండం పెట్టి వచ్చేశాను. పలక ఖర్చు నేనే ఇచ్చుకున్నాను. గొడుగు ఊచ ఒకటి వంగింది.

ఇక నీ దరఖాస్తు. ఇవ్వకుండా ఇచ్చానని రాయడం నాకు చేతకాదు. శంకరవ్వ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లద్దాలు లేవంది, నన్నే చదవమంది. చదువుతుంటే ఒక్కో కోరికకూ కుర్చీలో ఒక్కో రకంగా కదిలింది.

"కరెంటు ఫ్రీ? నాకే ఎవలు ఇస్తలేరు గదనే."

"పొయ్యికి బొగ్గా? గ్యాసు ఉండంగ బొగ్గెందుకు, ఇల్లు మసి జేస్తరా?"

చివరి కోరిక నేను ముందే చూసుకోవాల్సింది. బాయిలో లాగే, కిరాయిదారుకు ఏమైనా అయితే ఫ్యామిలీలో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని రాశావు.

"నా కాడ ఏం నౌకరి ఉన్నది బిడ్డా? వాకిలి ఊడ్సుడు ఒక్కటే ఉన్నది. గా పని నేనే జేస్తున్న."

అంతా విన్నాక కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మీ తాత మంచిగ రాసిండు. గసొంటి మనుషులంటే నాకిష్టం. గని ఫ్యామిలీ ఏదే?"

అందినట్టు సంతకం అడిగాను. నవ్వి, చేతిలో ఒక జామకాయ పెట్టింది. అదే రసీదు అనుకో.

ఫ్యామిలీని ఎక్కడి నుంచి తేవాలి తాతా? అదేమన్నా అంగట్లో దొరికే కూరగాయా? నవంబరు వచ్చేస్తోంది. నేల మీద నా స్థలం రోజురోజుకూ సన్నబడుతున్నట్టుంది.

వంగిన గొడుగుతో,
కోమల


నస్పూర్ కాలనీ,
30-10-2025

విషయము: ఫ్యామిలీని పంపుట గురించి.

బిడ్డా,

ఫికర్ జేయకు. ఫ్యామిలీ కావాల్నంటివి, పంపుతున్న.

నా చెల్లె బుచ్చవ్వను పంపుతున్న. ఇంట్ల అందరికంటె ఖాళీగ ఉన్నది ఆమెనే. టీవీ రిమోటు ఆమె చేతి నుంచి నా చేతికి రాక ఏడాదైతుంది. ఆమెకు బస్సు టికెటు గూడ లేదు, ఆడోళ్లకు ఫ్రీయే గద. "కరీంనగర్ల ఉంటవానే?" అని అడిగినమో లేదో, సంచి సర్దుకున్నది. నువ్వు తిరిగే పని లేకుంట సీదా శంకరవ్వ ఇంటికే పొమ్మని అడ్రసు చెప్పిన.

నోటి మాట ఎవలు నమ్ముతరు? కాయితం ఉండాలె. అందుకే బుచ్చవ్వ చేతికి ఇది రాసిచ్చిన, నువ్వు గూడ సూసుకో:

"ధృవీకరణ పత్రము. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శ్రీమతి బుచ్చవ్వ అను వృద్ధురాలు ఏ ఆదాయమూ లేక, ఆదుకొను వారు లేక, వేరే దిక్కు లేక, పూర్తిగా కుమారి కోమల, ఎం.ఏ. మొదటి సంవత్సరం, మీద ఆధారపడి జీవించుచున్నది. ఇది నా ఎరుకలో నిజము. అంకయ్య, సదరు బుచ్చవ్వ అన్న."

దవాఖాన కార్డుల డిపెండెంటు పేరు ఎక్కియ్యాల్నంటే గిట్లనే రాస్తం. "వేరే దిక్కు లేక" అని లేకుంటే వాపస్ పంపుతరు. బాయి మీద ఎంతమందికి రాసిచ్చిన్నో లెక్క లేదు, ఒక్కటి గూడ తిరిగి రాలే.

ఇట్లు,
అంకయ్య
మాజీ పిట్ కార్యదర్శి


కరీంనగర్,
31 అక్టోబరు 2025

తాతా,

తొందరలో రాస్తున్నాను. ఫ్యామిలీ గురించి నేను రాసింది ఉత్త మాట. నువ్వు మాటను మాటగా వదిలే మనిషివి కాదని రాత్రి గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. దయచేసి ఎవరినీ పంపకు. ముఖ్యంగా బుచ్చవ్వను పంపకు.

బ్యాండు మేళం మీది గదికే సర్దుకుంటున్నాను. చెవుల్లో దూది పెట్టుకుని చూశాను, డోలు ఒక్కటే వినబడుతోంది. సోమవారం వెళ్లి ఖాయం చేసుకుంటాను.

కోమల


కరీంనగర్,
4 నవంబరు 2025

తాతా,

బుచ్చవ్వ వచ్చింది. నాకు గది దొరికింది. నీ పరువు పోయింది. మూడూ ఒక్క పూటలోనే జరిగాయి.

నేను క్లాసులో ఉండగా బుచ్చవ్వ బియ్యం మూట, మామిడికాయ తొక్కు జాడీ, పచ్చళ్లు నూరే రోలు పెట్టుకుని శంకరవ్వ గేటు ముందు కూర్చుందట. రోలెందుకు తాతా? శంకరవ్వ లోపల నిద్రలో ఉంది. కెమెరా పలికింది.

"ఎవలు మీరు? ఎవలు గావాలె?"

బుచ్చవ్వ అటూ ఇటూ చూసి, తల పైకెత్తి కెమెరాతో అందట: "ముందుగాల నువ్వు కిందికి దిగు బిడ్డా. గంత మీద కూసుంటరా? పడ్తవు."

మస్కట్‌లో సదానందం కంగారుపడి వాళ్లమ్మను లేపేలోగా బుచ్చవ్వ నీ ధృవీకరణ పత్రం తీసి కెమెరాకు అడ్డంగా పట్టింది. అతను పైకి చదివాడు. కెమెరా గొంతు సంగతి నీకు తెలియదు, వీధి చివరిదాకా వినబడుతుంది. "ఆదుకొను వారు లేక, వేరే దిక్కు లేక" అంటూ సముద్రం అవతలి నుంచి ఒక మగ గొంతు వణుకుతూ పలుకుతుంటే ఎదురింటివాళ్లు కూడా బయటికొచ్చారట. కిందున్న సంతకం చదవడం అతను మరిచిపోతే బాగుండేది. మరిచిపోలేదు.

నేను వచ్చేసరికి ఇద్దరవ్వలూ ఒకే దుప్పటి మీద కూర్చుని చాయలో బిస్కెట్లు ముంచుకుంటున్నారు. శంకరవ్వ కళ్లు తుడుచుకుంటూ నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఎంత పెద్ద మనసే నీది! ఒక్కదాన్నే అని నాకు అబద్ధం జెప్పినవా? సదువుకునే పోరివి, గీ ముసలామెను మీదేసుకొని తిరుగుతున్నవా? అన్న అనేటోడు కాయితం రాసిచ్చి మరీ ఎల్లగొట్టిండా? గసొంటోడు మనిషేనా, పశువా?"

నేను నోరు తెరిచాను. బుచ్చవ్వ నా కాలు తొక్కింది. రోలు మోసిన మనిషి తొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకో.

"సామాను పైకి ఎక్కియ్యిండ్రి. కిరాయి నీకు ఎంతైతె అంతనే ఇయ్యి" అంది శంకరవ్వ.

ఇప్పుడు ఈ ఉత్తరం నా రెండు కిటికీల గదిలో కూర్చుని రాస్తున్నాను. గాలికి కాగితం ఎగురుతుంటే రోలు పెట్టాను. రోలెందుకో ఇప్పుడు తెలిసింది. నిజం చెబితే ఈ గది పోతుంది, గదితో పాటు చదువు పోతుంది. చెప్పకపోతే నీ పరువు పోతుంది. క్షమించు తాతా, ప్రస్తుతానికి నీ పరువునే పోనిస్తున్నాను.

చిన్న విన్నపం. బుచ్చవ్వకు ఒక ఉత్తరం రాసి అదుపులో ఉండమని చెప్పు. రోజూ సీరియల్ అయిపోగానే శంకరవ్వ ఆమె దగ్గరికి జరిగి కూర్చుంటుంది, బుచ్చవ్వ ఒక కొత్త కష్టం చెబుతుంది. మొన్న నువ్వు ఆమెను ఎండలో నిలబెట్టావు. నిన్న కోడికూరంతా నువ్వొక్కడివే తిన్నావు. ఎందుకిలా అని గట్టిగా అడిగితే, "కోడికూర ముచ్చట నిజమేనే" అంది.

నీ పరువు మీద నివసిస్తున్న,
కోమల


నస్పూర్ కాలనీ,
10-11-2025

విషయము: నా మీద వచ్చిన తప్పుడు ఆరోపణల ఖండన మరియు ఇంటి తనిఖీ గురించి.

బిడ్డా,

ఎన్ని సమ్మెలు జేసిన, ఎంతమంది ఆఫీసర్లతోని కొట్లాడిన, నన్ను పశువు అన్నోడు లేడు. గీ బుచ్చవ్వ బిస్కెట్లకు నన్ను అమ్ముకున్నది.

ఎండల నిలబెట్టింది అబద్ధం. రేషన్ దుకాన్ కాడ లైన్ల ఆమెనే నిలవడ్డది, నేను నీడల కూసున్న, గంతే. కోడికూర తిన్నది నిజం. గని ఆనాడు ఆమెకు ఒక్కపొద్దు, తిననన్నది. తిననన్న మనిషికి ఎట్ల మిగులుస్తరు? ఈసారి ఆమెకు కోడికూర నేనే పట్టుకొస్త, నలుగురి ముందట తినిపిస్త, గప్పుడు తెలుస్తది.

పట్టుకొస్త అన్న గద, గదే రెండో సంగతి. మీ బాపు నిన్న డ్యూటీ దిగి వచ్చి నా ముందట కూసున్నడు. "బాపూ, నువ్వు పోయి సూసి రా. తలుపు, గొళ్లెం, కప్పు, మనుషులు, అన్ని సూడు. భద్రం అని నువ్వంటే సదువనీ. నీకు అనుమానం కొడితే సామాన్లతోని తీస్కరా" అన్నడు. మీ అవ్వ కండ్లు తుడుసుకున్నది. నాకు గూడ బరువైన పనే ఇది బిడ్డా, గని డ్యూటీ అంటే డ్యూటీ. నువ్వు నా మనుమరాలివని రిపోర్టు మంచిగ రాయ.

శనివారం పొద్దున్నే బయలెల్లుతున్న. కట్టె తెస్తున్న.

ఇట్లు,
అంకయ్య
మాజీ పిట్ కార్యదర్శి, (పశువు కాదు)


కరీంనగర్,
13 నవంబరు 2025

తాతా,

శనివారం రావద్దు! శంకరవ్వ శనివారం ఉపవాసం, ఇల్లు కదలదు. మంగళవారం రా. మంగళవారం ఆమె కొండగట్టు అంజన్న దర్శనానికి పోతుంది. ఆమె తిరిగొచ్చే లోపల నువ్వు వచ్చి, కప్పు కొట్టుకుని, వెళ్లిపోవచ్చు. బాపుకు ఫోను చేసి చెబుదామంటే కారణం అడుగుతాడు, అవ్వకు చెబితే బాపుకు చెప్పినట్టే.

నిన్ను శంకరవ్వ గుర్తుపడుతుంది. బుచ్చవ్వ నీ ముక్కు, మీసం, నడక అన్నీ నటించి చూపించింది. బాగా వచ్చింది కూడా.

మా ఇద్దరికీ రోజూ యుద్ధమే. నేను పద్యాలు పైకి చదివితే ఆమెకు సీరియల్ మాటలు వినబడవట. ఆమె రోట్లో నూరితే నాకు పద్యం పాదం తప్పుతుంది. నిన్న నేను "అయ్యో, నా సీసపద్యం!" అని అరిస్తే, "సీసలేం బద్దలు గాలే, సూసుకో" అని తనూ అరిచింది. అయినా ఆమె లేకపోతే ఈ గదిలో నిద్ర పట్టదేమో అనిపిస్తోంది. ఇది ఆమెకు చెప్పకు.

మంగళవారం. మరిచిపోకు.

కోమల


శంకరవ్వ ఇంటి మెట్టు,
కరీంనగర్,
15-11-2025

విషయము: తనిఖీ రిపోర్టు మరియు ఒక రాత్రి వసతి కొరకు దరఖాస్తు.

బిడ్డా కోమలా,

నేను కిందనే ఉన్న. నువ్వు కిటికీల నుంచి చేతులు ఊపుతున్నవు, నోరు తెరుస్తున్నవు, నాకు ఏం ఇనబడ్తలేదు. అందుకే రాస్తున్న. బుచ్చవ్వ తాడుకు కట్టి దించిన కూరగాయల బుట్టల ఈ కాయితం ఏస్తున్న, పైకి గుంజుకోండ్రి.

పొద్దుగాల వచ్చిన. గేటుకు లోపట గొళ్లెం, గొళ్లానికి తాళం. శంకరవ్వ నన్ను సూడంగనే చీపురు పట్టుకున్నది. నోరు ఆగకుంట కదులుతుంది. ఇనబడలే గని, మొఖం సూస్తే మర్యాద మాటలు కావని సమజైంది. నేను కెమెరాకు దండం పెట్టిన. ఎదురింటోళ్లు చెవులు మూసుకున్నరు, అంటే అది గూడ తిడుతున్నట్టే. కోడికూర డబ్బా విప్పి సూపిచ్చిన, గప్పుడు శంకరవ్వ చీపురు ఇంక మీదికి లేపింది. శనివారం ఒక్కపొద్దు అన్న సంగతి గప్పుడు యాదికొచ్చింది. బుచ్చవ్వకు గూడ ఇయ్యాల ఒక్కపొద్దే. వారం సూసుకోలే బిడ్డా, నా తప్పే.

చాయ ఇస్తరేమో అని సూసిన. ఇయ్యలే. నీళ్లు ఇచ్చిండ్రు, అవి గూడ గేటు సందుల నుంచి.

ఇగ రిపోర్టు. ఇల్లు తనిఖీ చేయనైనది. సొంత తాతనే, కట్టెతోని, కోడికూరతోని, తెల్ల అంగీతోని వస్తే గూడ లోపటికి రానియ్యలే. మస్కట్ల నుంచి గూడ కాపలా ఉన్నది. గిసొంటి బందోబస్తు మా బాయి మందుగుండు గదికి గూడ సూడలే. మీ బాపు మల్లేష్‌కు రాస్తున్న: కోమల ఉన్న ఇల్లు భద్రము, సదువు సాగనియ్యవచ్చును. కప్పు ఒక్కటి సూడలే. మెట్టు మీద కప్పు లేదు.

మోకాళ్లు పట్టుకున్నయి. ఇయ్యాల తిరిగి బస్సెక్కుడు నాతోని కాదు. నువ్వు ముందుగాల ఒక మాట రాసినవు గద, బస. ఒక్క రాత్రి ఉన్నా బసే అన్నవు. గా బస దొరుకుతదా, అడిగి చెప్పు.

ఇట్లు,
అంకయ్య
(మాజీ, అన్నిటికి)


మేడ మీది గది,
అదే ఇల్లు, అదే రోజు

నా ప్రియమైన తాతా,

బుట్టలో ఈ ఉత్తరంతో పాటు చాయ గ్లాసు దించుతున్నాం. ముందు చాయ తీసుకో, ఒలకకుండా.

మంగళవారం రమ్మని నేను రాసింది నీకు అందనే లేదన్నమాట. నీ ఉత్తరం నేను పైకి చదివాను. బుచ్చవ్వ మొదట నవ్వింది. "(మాజీ, అన్నిటికి)" దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. కొంగు నడుముకు చుట్టుకుని కిందికి దిగి, శంకరవ్వ ముందు నిలబడింది.

"అక్కా, నేను దిక్కులేనిదాన్ని గాను. గా మెట్టు మీద కూసున్నోడే నా దిక్కు. నా పెనిమిటి పోయిన్నాడు బండి కట్టుకొని వచ్చి తీస్కపోయిండు, గప్పటి సంది నా కంచం ఆయన పక్కకే. మనసు మంచిదే అక్కా, వారాలు యాదికుండయి గంతే. కాయితం బాయోళ్ల తీరు రాసిండు. నువ్వు ఏడుస్తుంటే నాకు మంచిగనిపిచ్చి చెప్పలే."

శంకరవ్వ చీపురు గోడకు ఆనించింది. నేను మెట్ల మధ్యలో నిలబడి, సామాను ఎలా సర్దాలా, రోలు ముందా పుస్తకాలు ముందా అని ఆలోచిస్తున్నాను.

"గన్ని దినాలు నన్ను ఏడిపిచ్చినవా?" అంది చివరికి.

"సీరియల్ల గూడ ఏడుస్తవు గదక్కా" అంది బుచ్చవ్వ.

"నోర్ముయ్. ఫ్యామిలీ లేకుంట ఇల్లు ఇయ్య అన్న గద నేను!" అని నా వైపు తిరిగింది. "మరి ఇచ్చిన గద. పొద్దుందాక మీరిద్దరు పైన కొట్లాడుతనే ఉంటరు. ఒకలు పద్యమంటరు, ఒకలు రోలంటరు. నా చెవులు ఇనబడయా? ఇంతకంటే ఫ్యామిలీ ఎక్కడుంటది? ఉండుండ్రి."

తాతా, నాకు గది ఉంది! దిక్కులేనితనంతో కాదు, కొట్లాటతో సంపాదించాం.

ఇక నీ దరఖాస్తు. శంకరవ్వ ఆలకించి, నామంజూరు చేసింది. కారణం: ఒంటరి మగవాళ్లకు ఈ ఇంట్లో చోటు లేదు, రూలు రూలే. రూలు మీద నిలబడ్డ మనిషంటే నీకు ఇజ్జత్ కదా. అప్పుడు బుచ్చవ్వ నన్ను కాగితం, కలం తెమ్మంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి కింద పెడుతున్నాను. శంకరవ్వ అది విని, నవ్వు ఆపుకుంటూ తాళంచెవి వెతుకుతోంది.

కోడికూర ఫ్రిజ్‌లో పెడతాం. రేపు ఆదివారం, అందరం తింటాం, కాబట్టి రేపటిదాకా నువ్వు కదలడానికి లేదు. కట్టె బయట వదలకు, తెచ్చుకో. కప్పును నేను కొడతాను. నువ్వు అరచెయ్యి ఆనించి, ఎలా ఉందో చెప్పు.

గేటు తీస్తున్నారు, లే.

కోమల

ధృవీకరణ పత్రము

ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మెట్టు మీద కూర్చున్న అంకయ్య అను వృద్ధుడు ఏ ఆదాయమూ లేక, ఆదుకొను వారు లేక, వారమేదో తెలియక, పూర్తిగా నా మీద ఆధారపడి జీవించుచున్నాడు. ఇది నా ఎరుకలో నిజము.

బుచ్చవ్వ వేలిముద్ర,
సదరు అంకయ్య చెల్లె